మేతగడ్డి

మంగళవారం పొద్దున కాఫీ కప్పుతో ముందు తలుపు తీసిన ఆర్లిస్ టోఫ్టెకి చేమంతి కుండీల్లో చేమంతులు కనిపించలేదు. మోళ్లు కనిపించాయి. నిన్న సాయంత్రం దాకా రాగి చెంబుల్లా గుండ్రంగా విరగబూసి ఉన్న ఆరు కుండీలవి. ఎవరో కత్తెర పట్టుకుని తీరిగ్గా కూర్చుని కత్తిరించినట్టు వేలెడేసి కాడలు మిగిలాయి. మెట్ల మీద పేర్చిన గుమ్మడికాయల్లో పెద్దది దొర్లిపడి పగిలింది. లోపలి గుజ్జూ గింజలూ ఊడ్చిపెట్టినట్టు పోయాయి. తెల్ల గుమ్మడికాయ మీద పళ్ల గాట్లు. స్తంభానికి కట్టిన మొక్కజొన్న చొప్ప సగం ఊడి, గాలికి ఊగుతోంది.

ఆమె కప్పు కిటికీ గట్టు మీద పెట్టింది. వరండాల శనివారానికి ఇంక నాలుగు రోజులే ఉంది.

వాళ్ల ఊరు ఓస్టర్‌డేల్‌లో అక్టోబరు రెండో శనివారం అంటే వరండాల శనివారం. జనం ఆపిల్ రసం గ్లాసులు పట్టుకుని వీధి వీధీ తిరుగుతారు, ఇళ్ల ముందు ఆగి చూస్తారు, నచ్చిన ఇంటి నెంబరు చీటీ మీద రాసి లైబ్రరీ వాళ్ల డబ్బాలో వేస్తారు. గెలిచిన ఇంటి స్తంభానికి నీలం రిబ్బను కడతారు. ఐదేళ్లుగా ఆ రిబ్బను కట్టేది ఆర్లిస్ స్తంభానికే. అక్కడ దాని కోసమే ఒక మేకు కూడా ఉంది. ఆమె దాన్ని ఏడాది పొడుగునా పీకదు, అడిగితే మర్చిపోయానంటుంది.

ఆమె పనితనం అలాంటిది మరి. గుమ్మడికాయల్ని వెనిగర్ నీళ్లతో కడిగి తుడిస్తేగాని మెట్టెక్కనివ్వదు. కింద చెమ్మకి కుళ్లిపోకుండా ఒక్కో కాయ కింద సన్న చెక్క పెడుతుంది. పడమటి గాలికి పడిపోకుండా చొప్పని మూడు చోట్ల తీగతో కట్టి, తీగ కనపడకుండా గోనెగుడ్డ చుడుతుంది. అన్ని వైపులా ఎండ తగలాలని చేమంతి కుండీల్ని రోజుకింత తిప్పుతుంది. ఉడుతలకి కారప్పొడి, జింకలకి పాత మేజోళ్లలో కట్టి వేలాడదీసిన సబ్బుముక్కలు. మూలన కుర్చీలో దిష్టిబొమ్మ. దానికి తన పాత ఏప్రనే కట్టింది, స్కూలు వంటింట్లో ముప్పై ఏళ్లు కట్టుకున్నది. తలుపుకి రెండు వైపులా రెండేసి గడ్డిమోపులు. పోయిన గురువారం ఆమె అన్న కొడుకు కర్ట్ పొలం నుంచి బండిలో తెచ్చి, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టి వెళ్లాడు. ఈ ఏడు మోపులు భలే కమ్మటి వాసన వేస్తున్నాయి. రోజూ వాటి మీద కూర్చునే కాఫీ తాగుతోంది.

ఇప్పుడు ఆ మోపుల ముందు పూలమడి మెత్తటి మట్టిలో గిట్టల గుర్తులు. ఆమె వాటి వెంట పోయింది. లైలాక్ పొదల సందులోంచి అవి పక్కింటి పెరట్లోకి దారి తీశాయి.

పక్కింటాయన ఎల్డన్ బ్రెక్కె. ఎనభై ఒక్కేళ్లు. ఆవుల్ని అమ్మేసి ఊళ్లోకి వచ్చిన రైతు. పెరట్లో ఇనప కడ్డీకి పిట్టల గింజల డబ్బాలు నాలుగు వేలాడదీశాడు. రోజూ పొద్దున్నే ఆ కడ్డీ పక్కన అరచేతిలో పొద్దుతిరుగుడు గింజలు పోసుకుని నిలబడతాడు. నల్లటోపీ పిట్టలు ఒక్కోటీ వచ్చి, వేలి మీద వాలి, ఒక్క గింజ తీసుకుని పోతాయి. చూసేవాళ్లకి ముద్దుగానే ఉంటుంది. ఆ పొద్దున ఆర్లిస్‌కి ముద్దుగా లేదు. పిట్టల పేరు చెప్పి ఊళ్లో జింకలన్నిటికీ విందు పెడుతున్నాడు, మూల్యం నా చేమంతులు, అనుకుంది. ఆ డబ్బాలు అక్కడ తొమ్మిదేళ్లుగా ఉన్నాయని, తొమ్మిదేళ్లలో ఒక్క జింకా తన మెట్లెక్కలేదని అప్పుడు గుర్తు రాలేదు. కోపంలో ఉన్నవాళ్లకి లెక్కలు రావు.

పది గంటలకల్లా ఆమె గ్రామ ఆఫీసులో ఉంది. అక్కడ పని చేసేది జోలీన్ ఒక్కతే. ఆర్లిస్ వండిన మకరోని తిని పెరిగిన పిల్లే. ఊళ్లో జింకలకి అందేలా మేత పెట్టకూడదని రూలుంది కదా అని ఆర్లిస్ అడిగింది. ఉందని, ఫిర్యాదు వస్తే వెళ్లి చూసి, మళ్లీ చెప్పేదాకా డబ్బాలన్నీ దింపించేస్తామని జోలీన్ చెప్పి, ఫారం ఇచ్చింది.

"పేరు రాయక్కర్లేదు ఆర్లిస్ గారూ. ఎవరిచ్చారో మేం చెప్పం."

ఆ మాట ఆర్లిస్‌కి బాగా నచ్చింది. నిలబడే రాసేసింది. పిట్టల గింజల వంకతో జింకలకి మేత పెడుతున్నారని, చుట్టుపక్కల ఇళ్ల తోటలు పాడవుతున్నాయని. చుట్టుపక్కల ఇళ్లంటే ఒక్క ఇల్లే.

స్కూలు భోజనాల గది పలక మీద ముప్పై ఏళ్లు రోజూ ఆవేళ్టి వంట రాసిన చెయ్యి అది. గుండ్రంగా, తోకలు తిప్పి ఉండే ఆ అక్షరం చూస్తే ఇప్పటికీ ఆకలేస్తుందని ఊళ్లో నలభై లోపు వాళ్లంతా చెబుతారు. ఆ అక్షరంతో పేరు లేని ఫిర్యాదు రాయడమంటే ముసుగేసుకుని, మెళ్లో పేరుబిళ్ల తగిలించుకుని దొంగతనానికి పోవడమే. ఆమెకి ఆ ఊహే రాలేదు. జోలీన్ కాగితం చూసింది, ఆమెని చూసింది, సరేనని సొరుగులో పెట్టింది.

బుధవారం మధ్యాహ్నానికి ఆర్లిస్ కొత్త చేమంతులు తెచ్చి, చొప్ప మళ్లీ కట్టి, పగిలిన కాయ స్థానంలో ఇంకోటి కడిగి పెట్టింది. మెట్ల మీద మోకాళ్ల మీద కూర్చుని చెక్కముక్క సర్దుతుంటే కర్ర చప్పుడు వినిపించింది. ఎల్డన్ వస్తున్నాడు, చంకలో మడతపెట్టిన నీలం టార్పాలిన్ పట్టాతో.

ఆమె తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. జోలీన్ వాళ్లు అప్పుడే వచ్చి వెళ్లారా? రాలేదు. ఆయన ముఖం ఎప్పట్లాగే ఉంది.

"చీకటి పడితే మంచు పడుతుందని రేడియోలో చెప్పారు," అన్నాడు. "ఈ పట్టా ఉంచుకో. మోపుల మీద కప్పు."

"మోపులకెందుకు? మంచుకి చచ్చేవి పూలు కదా."

"మోపులకే కప్పు ఆర్లిస్. కింది దాకా దించి, చుట్టూ రాళ్లు పెట్టు."

ఆమె లోపల నవ్వుకుంది. పాల రైతుకి పూల కన్నా గడ్డి మీదే బెంగ. ఎల్డన్ కర్రని మెట్టుకి ఆనించి, వంగి, మోపు చివర్నించి చిటికెడు గడ్డి లాగాడు. రెండు అరచేతుల మధ్య నలిపి వాసన చూశాడు. నలిగినదాన్ని పారేయకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు.

"మొన్న దింపి వెళ్లింది మీ వాడేనా?"

"మా కర్ట్."

"మీ వాడి చేతికి ఎముక లేదు," అన్నాడు ఎల్డన్.

నాలుగు గడ్డిమోపులు ఇస్తే అంత దానకర్ణుడు ఎలా అయ్యాడో ఆర్లిస్‌కి అర్థం కాలేదు. ఆయన ఇంకేదో చెప్పబోయాడు. కొత్తగా తుడిచిన మెట్లు, చేమంతులు, స్తంభానికున్న ఆ మేకు ఒక్కోటీ చూశాడు. చెప్పబోయింది మానేసి, బాగుంది బాగుంది అని, కర్ర తీసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆమె ఆ పట్టాని చేమంతుల మీద కప్పింది. కప్పుతుంటే మొదటిసారి కొంచెం సిగ్గనిపించింది. నిన్న ఆయన మీద కాగితం రాసి ఇచ్చింది, ఇవాళ ఆయన తన కోసం పట్టా మోసుకొచ్చాడు. వెళ్లి ఆ కాగితం వెనక్కి తీసుకోవచ్చు. కాని రూలు రూలే కదా, తను అబద్ధం రాయలేదు కదా అని సర్దిచెప్పుకుంది. మనిషికి సర్దిచెప్పుకోవడం ఎంత బాగా వచ్చో! గుమ్మడికాయలు సర్దినంత బాగా వచ్చింది ఆమెకి.

గురువారం జోలీన్, రోడ్ల పని చూసే అతనూ వచ్చారు. ఆర్లిస్ వంటింటి కిటికీ దగ్గర ఒకే పళ్లాన్ని పది నిమిషాలు కడిగింది. ఎల్డన్ టోపీ తీసి చేతిలో పట్టుకుని విన్నాడు. జోలీన్ ఇచ్చిన పసుపు కాగితం చదివాడు, చదివి చాలాసేపు చూశాడు. వాదించలేదు. ఈ ఇంటి వైపు తల తిప్పలేదు.

వాళ్లు వెళ్లాక పొట్టి ముక్కాలిపీట తెచ్చుకుని ఎక్కి, డబ్బాలు ఒక్కోటీ దింపాడు. ఒక్కో డబ్బా దింపినప్పుడల్లా పీట దిగి కాస్త ఆగాడు. మిగిలిన గింజలు బకెట్లో పోశాడు. కడ్డీ కింద రాలిన పొట్టంతా చీపురుతో ఊడ్చి, అదీ బకెట్లోకే ఎత్తాడు. నల్లటోపీ పిట్టలు వచ్చి ఖాళీ కడ్డీ చుట్టూ తిరిగాయి. ఒకటి ఆయన టోపీ మీద వాలింది. ఎల్డన్ కదలకుండా నిలబడ్డాడు కాని, చెయ్యి మాత్రం జేబులోంచి తీయలేదు.

ఆర్లిస్ పంపు కట్టేసింది. కిటికీ తెర లాగింది.

శుక్రవారం ఇంకా తెల్లవారుతూ ఉంది, వీధంతా తెల్లగా మంచు. బయట చప్పుడైతే ఆర్లిస్ తలుపు అద్దంలోంచి చూసింది. మెట్ల మీద మూడు జింకలు. ఒకటి ముందుకాళ్లు వరండాలో పెట్టి నిలబడింది. కొత్త చేమంతులు పట్టా కింద ఉన్నాయి, గుమ్మడికాయలు వాటి పక్కనే ఉన్నాయి. జింక వాటిని మూతితో కూడా తాకలేదు. మోపులో మూతి దూర్చి, లాగి, తీరిగ్గా నములుతోంది. మిగతా రెండూ వంతు కోసం నిలబడినట్టు నిలబడ్డాయి.

ఆమె తలుపు తీసింది. అవి గంతేసి వెళ్లిపోయాయి. పక్కింటి వైపు పోలేదు. రోడ్డు దాటి ఏటి వైపు పోయాయి.

చెప్పుల్లేకుండానే మోకాళ్ల మీద కూర్చుని, చిరిగిన మోపులో చెయ్యి పెట్టింది. ఆకులు. సన్నటి పచ్చటి ఆకులు, అక్కడక్కడ ఎండిన ఊదా పూలు. ఏటా తను వరండాలో పెట్టే వట్టిగడ్డి పసుపుగా, గింజ రాల్చేసిన బోలు కాడలుగా ఉంటుంది. పశువులకి పక్క వేయడానికే తప్ప తినడానికి పనికిరాదు. జింక దాని వంక కూడా చూడదు. ఇది మేతగడ్డి. తండ్రి పొలంలో పన్నెండో ఏటి నుంచి రెండూ మోసిన చేతులివి. ఇది మేతగడ్డి అని ఆ వాసనకే తెలియాలి. తెలిసింది కూడా, అదే ఆమె ప్రాణం తీస్తోంది. వారం రోజులుగా దాని మీద కూర్చుని కాఫీ తాగుతూ ఎంత కమ్మగా ఉందో అనుకుంది.

కర్ట్‌కి ఫోన్ చేసింది. అతను పాలు పితికే కొట్టంలో ఉన్నాడు. వెనక మిషన్ల హోరు.

"చెప్పాను కదత్తా. వానలకి ఓట్స్ పంట నేలకి పడిపోయింది, ఈ ఏడు వట్టిగడ్డి ఎక్కడుంది? మూడో కోత మేతగడ్డి వేశానని ఆరోజే చెప్పా. ఏదైతేనేంరా, కూర్చోడానికేగా అన్నావు నువ్వే."

అన్నది. మాట మాటగా గుర్తొచ్చింది.

ఆ పొద్దున నాలుగు మోపులూ గ్యారేజిలోకి లాగింది. వట్టిగడ్డి మోపు ఎత్తితే చంకలో పిల్లంత బరువుంటుంది. ఇది దూడంత ఉంది. పురికొస అరచేతుల్లో దిగింది. వాటి స్థానంలో చెక్కపెట్టెలు పెట్టి, పైన పాత బొంత పరిచి, గుమ్మడికాయలు సర్దింది. ఇదివరకు కన్నా బాగానే కుదిరింది. ఎవరికీ తెలియదు. జింకలు ఇక రావు. రాకపోతే ఊరంతా ఏమనుకుంటుంది? ఎల్డన్ డబ్బాలు దింపేశాడు, జింకలు ఆగిపోయాయి అనుకుంటుంది. తను నోరు విప్పకపోతే చాలు, నేరం దానంతటదే ఆయన గుమ్మంలో పోయి కూర్చుంటుంది. అంత తేలిక.

పదకొండింటికి లైబ్రరీలో వరండాల కమిటీ. డార్లా పెద్ద. అన్నీ ఆమె చేతుల మీదే జరుగుతాయి. జోలీన్ కూడా వచ్చింది. కాఫీ పోసుకుంటూనే ఎవరో ఎల్డన్ సంగతి ఎత్తారు. ఇంత వయసొచ్చి ఊళ్లో జింకలకి మేత పెట్టడమేమిటని ఒకరు, ఒంటరి మనిషి పాపం ఏదో కాలక్షేపమని ఇంకొకరు. డార్లా అసలు విషయానికి వచ్చింది. వరండాల శనివారానికి ఆపిల్ రసం తీసేది ఎప్పుడూ ఎల్డనే. ఆయన గ్యారేజిలో పాత చెక్క మర ఉంది. పొద్దున్నించి ఆయన తిప్పుతుంటే జనం చుట్టూ మూగి వేడివేడి డోనట్లతో తాగుతారు. ఆపిల్ పిప్పి అంతా అక్కడే పోస్తాడు, అదీ జింకలకి మేతే కాబట్టి, ఫిర్యాదు నడుస్తుండగా బాగోదని డార్లా అంది. ఈసారి డబ్బాల్లో రసం కొనేసి చర్చి హాల్లో పోద్దామంది.

"పక్కింటిదానివి ఆర్లిస్, నువ్వేమంటావు?"

అందరూ ఆమె వైపు చూశారు. జోలీన్ కూడా చూసింది, మిగతావాళ్లలా కాదు.

"మీ ఇష్టం," అంది ఆర్లిస్.

"అయినా ఊళ్లో కూర్చుని జింకలకి మేత ఎవరు పెడతారమ్మా," అని ఎవరో నవ్వారు. ఆర్లిస్ చెయ్యి దానంతటదే లేచి స్వెట్టరు భుజం దులిపింది. పచ్చటి ఆకునలుసులు బల్ల మీద రాలాయి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. ఇక్కడ గుమ్మడికాయలూ ఆమెవే, భుజమూ ఆమెదే. రాలిన నలుసుల్ని అరచేత్తో కూడగట్టి, మూసిన గుప్పిటని సమావేశం అయ్యేదాకా ఒళ్లోనే పెట్టుకుంది.

పట్టా తిరిగివ్వాలన్న వంకతో ఎల్డన్ గ్యారేజికి వెళ్లింది. డార్లా అప్పటికే ఫోన్ చేసేసినట్టుంది. ఆయన మర మీద దుప్పటి కప్పే పనిలో ఉన్నాడు. కప్పే ముందు దాని పెద్ద స్క్రూకి చుక్క చుక్క నూనె వేసి తిప్పి చూస్తున్నాడు. ఎంతో శుభ్రంగా కడిగి ఉంది అది. వాడతామనే కడిగాడు. గోడవారన బస్తాల్లో ఆపిల్స్.

"రేపు అక్కర్లేదన్నారు," అన్నాడు. కోపంగా అనలేదు, వాతావరణం చెప్పినట్టు చెప్పాడు.

ఆమె పట్టా బల్ల మీద పెట్టింది. దాని మడతలు సర్దింది. చివరికి, "మోపులు తీసేశాను ఎల్డన్," అంది.

"మంచి పని చేశావు. మూడో కోత అది. పాలిచ్చే ఆవుకి పెట్టాల్సిన గడ్డి."

"మీకు ముందే తెలుసా?"

"మీ వాడు బండిలోంచి దింపుతుంటేనే తెలిసింది. ఆ పచ్చన రోడ్డవతల నుంచే తెలుస్తుంది."

"మరి చెప్పలేదేం?"

ఎల్డన్ నూనె డబ్బా మూత తిప్పి తిప్పి బిగించాడు. "చెబుదామనే పట్టా తెచ్చా. నువ్వేమో అన్నీ సర్దుకుని సంబరంగా ఉన్నావు. రైతు కూతురివి. మేతకీ వట్టిగడ్డికీ తేడా తెలియలేదని పదిమందీ నవ్వితే తట్టుకోలేవనిపించింది. శనివారం దాటనీలే అనుకున్నా."

"ఈలోగా మీ డబ్బాలు తీయించేశారు కదా."

"పిట్టలు బతకడం మర్చిపోతాయా ఏం."

ఆమె తల దించుకుంది. అప్పుడు కనిపించింది, పనిబల్ల మీద, గింజల చేట పక్కన, పసుపు కాగితం. జోలీన్ ఇచ్చిన ఫిర్యాదు నకలు. గుండ్రటి అక్షరాలు, తిప్పిన తోకలు. అంత దూరం నుంచి కూడా ఆమె తన చేతిని గుర్తుపట్టింది. ఎల్డన్ ఆమె చూపు ఎటు పోయిందో చూశాడు. చెయ్యి చాపి ఆ కాగితాన్ని బోర్లా తిప్పి, దాని మీద నూనె డబ్బా పెట్టాడు.

"చలి పెరుగుతోంది," అన్నాడు. "ఇంటికి వెళ్లమ్మా."

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే ఎదురు చెప్పొచ్చు, ఏడవొచ్చు, తలుపు ధడాల్న వేసుకుని పోవచ్చు. ఆయన కాగితం తిప్పేశాడు. ఆమె సిగ్గుని ఆమెకే కనపడకుండా కప్పాడు, మోపుల మీద పట్టా కప్పమన్నట్టు. ఆర్లిస్ లైలాక్ సందులోంచి ఇంటికి నడుస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

శనివారం పొద్దున్నే గ్యారేజిలోంచి ఒక మోపు మళ్లీ బయటికి లాగింది. చిరిగిన వైపు కనపడేలా వరండా మధ్యలో పెట్టింది. అట్టముక్క మీద మందంగా రాసింది: జింకలకి మేత పెట్టింది నేనే.

పేరు రాయలేదు. తన అక్షరం ఊరందరికీ తెలుసు కదా అనుకుంది. నిజానికి కలం పేరు దగ్గరికి వెళ్లి ఆగిపోయింది. అట్టని స్తంభం మేకుకి తగిలిస్తే పడమటి గాలి ఊడగొట్టింది. మళ్లీ తగిలించింది, మళ్లీ ఊడింది. జనం వీధి మొదట్లోకి వచ్చేస్తున్నారు. చేతికందిన చోటు దిష్టిబొమ్మ మెడ. దాని మెడకి తగిలించి లోపలికి పోయి తలుపు వెనక నిలబడింది.

మొదటి గుంపు ఆగింది. చదివారు. తర్వాత నవ్వులు. పడీ పడీ నవ్వారు. స్కూలు ఏప్రన్ కట్టుకున్న దిష్టిబొమ్మ, మెడలో నేరం ఒప్పుకున్న అట్ట, ముందు జింకలు కొరికిన మోపు. కాపలా పెట్టిన బొమ్మే దొంగలకి వడ్డించిందట. ఆర్లిస్ బుర్రే బుర్ర అన్నారు. ఫోటోలు తీసుకున్నారు. పక్క వీధుల నుంచి కూడా చూడ్డానికి వచ్చారు. చర్చి హాల్లో పోసిన డబ్బా రసం చప్పగా ఉందని సణుగుతూ, ఈ బొమ్మ దగ్గరికొచ్చి ఆ సణుగుడు మర్చిపోయారు.

ఆర్లిస్ తలుపు వెనక నిలబడి అంతా వింది. ఫిర్యాదులో పేరు రాయలేదు, ఒప్పుకోలులో కూడా రాయలేదు. రెండుసార్లూ ఇంకొకరి మెడకే తగిలించింది.

మూడింటికి డార్లా నీలం రిబ్బను పట్టుకుని వచ్చింది, వెనక ముప్పై నలభై మంది. ఎప్పుడూ రానన్ని చీటీలు ఈసారి వచ్చాయని అరిచి చెప్పింది. చప్పట్లు. ఆర్లిస్ బయటికి వచ్చింది. లైలాక్ పొద దగ్గర కర్ర మీద ఆనుకుని ఎల్డన్ నిలబడి ఉన్నాడు. బొమ్మ మెడలో అట్ట చదువుతున్నాడు. ఆ గుంపు మొత్తంలో నవ్వనిది ఆయనొక్కడే, జోలీన్ కాకుండా.

ఆర్లిస్ వెళ్లి బొమ్మ మెడలోంచి అట్ట తీసింది. గాలికి అది చేతుల్లో టపటపలాడుతుంటే రెండు చేతులతో ఎదురురొమ్ముకి అదిమి పట్టుకుంది.

"ఇది బొమ్మ మాట కాదు, నా మాట," అంది. గొంతు స్కూలు భోజనాల గదిలో పిల్లల్ని వరసలో నిలబెట్టే గొంతులా రాలేదు. సన్నగా వచ్చింది. "ఇది వట్టిగడ్డి కాదు, మేతగడ్డి. జింకలొచ్చింది దీనికి. ఎల్డన్ మీద కాగితం రాసింది నేనే. నిన్న రసం మర వద్దన్నప్పటికి నాకీ సంగతి తెలుసు. తెలిసే, మీ ఇష్టం అన్నాను."

ఎవరో నవ్వు మొదలుపెట్టి ఆపేశారు. వెనకనించి ఒక మగగొంతు, రైతు కూతురికి మేతగడ్డి తెలియదా అంది. దానికి కొంతమంది నవ్వారు. ఎల్డన్ వారం రోజులు అడ్డుపడి ఆపిన నవ్వు అదే. వచ్చింది, తగిలింది. కాని అంతకన్నా గట్టి దెబ్బ నిన్న ఆ గ్యారేజిలోనే తగిలేసింది. ఇది దాని ముందు ఏ మూలకి?

డార్లా రిబ్బను ముందుకి చాపాలో వెనక్కి తీసుకోవాలో తెలియక మధ్యలో పట్టుకుని నిలబడింది. దాన్ని ఆర్లిస్ తీసుకోలేదు. ఇంకేం చూడాలో తెలియక జనం మెల్లగా కదిలారు. వెళుతూ జోలీన్ ఒక్కతే మెట్టెక్కి, సోమవారం ఆఫీసుకి రమ్మని, ఫిర్యాదు వెనక్కి తీసుకోవడానికి ఇంకో ఫారం ఉందని, దానికి పేరు రాయాలని మెల్లగా చెప్పింది. ఎల్డన్ పొద దగ్గర లేడు. ఎప్పుడు వెళ్లాడో ఆర్లిస్ చూడలేదు.

సోమవారం ఆమె పేరు రాసింది. ఇంటిపేరుతో సహా.

మంగళవారం పొద్దున ఎల్డన్ పెరట్లో పీట కనిపిస్తే, అడక్కుండానే వెళ్లి దాన్ని పట్టుకుంది. ఆయన ఎక్కి డబ్బాలు ఒక్కోటీ తగిలించాడు. దిగాక ఆయన బకెట్లో చెయ్యి పెట్టి గుప్పెడు గింజలు తీశాడు. సగం తన అరచేతిలో ఉంచుకుని, సగం ఆమె అరచేతిలో పోశాడు. పురికొస కోసిన గీతలు ఆ చేతిలో ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"చెయ్యి చాపు. కదలకు," అన్నాడు.

నిలబడ్డారు. చాలాసేపటికి పొదలోంచి ఒక నల్లటోపీ పిట్ట వచ్చింది. ఎల్డన్ వేలి మీద వాలి, గింజ తీసుకుని పోయింది. ఇంకోటి వచ్చింది, అదీ ఆయన దగ్గరికే. మూడోది ఆర్లిస్ చేతి దాకా వచ్చి, రెక్కల గాలి అరచేతికి తగిలేంత దగ్గరికి వచ్చి, వెనక్కి తిరిగి పొదలోకి పోయింది. ఆమె భుజం లాగేస్తోంది.

"నన్ను నమ్మటం లేదు," అంది.

"నిన్నింకా ఎరగవు," అన్నాడు ఎల్డన్. "రేపు కూడా రా."

ఆమె సరేనంది. చెయ్యి మాత్రం దించలేదు.